పంటి కింద చప్పుడు

దూదిని గట్టిగా కరిచి పట్టుకోవాలి, ఉమ్మకూడదు, మాట్లాడకూడదు, రక్తం ఆగేదాకా కదలకుండా కూర్చోవాలి అని చెప్పి డాక్టరమ్మ ఇంకో మనిషిని చూడడానికి లోపలికి వెళ్లిపోయింది. కరవమంటే దేనితో కరవాలి, కుడి దవడ తనది కానట్టే ఉంది, ఎవరి దవడనో తెచ్చి తన ముఖానికి తగిలించినట్టుంది, వేలితో తాకితే వేలికి తెలుస్తోంది గాని చెంపకు తెలియడం లేదు, చెంప ఎక్కడ అయిపోయి దూది ఎక్కడ మొదలవుతుందో కూడా తెలియడం లేదు. ఇస్నాపూర్ చౌరస్తాలో మందుల దుకాణం మీద అంతస్తులో ఈ పళ్ల దవాఖాన, ముందు గదిలో ఇనుప కుర్చీల వరస, ఆ వరస చివర కిటికీ పక్కన వెంకటేశం, అతని పక్కన సంచి ఒళ్లో పెట్టుకుని భార్య రాధమ్మ. కిటికీ కింద బొంబాయి రోడ్డు, లారీ వెనక లారీ, నడుమ నడుమ షిఫ్టు మనుషుల్ని దింపి పోయే కంపెనీ బస్సులు, గాలి ఇటు తిరిగినప్పుడల్లా ఏ కంపెనీదో చెప్పలేని పుల్లటి మందు వాసన. వాసన తెలుస్తోంది, అంటే ముక్కు ఇంకా తనదే. పొద్దున హత్నూర నుంచి బస్సెక్కినప్పుడు నోట్లో మొండి పన్ను ఒకటి ఉండేది, కుళ్లిపోయి రాత్రుళ్లు నిద్ర లేకుండా చేసిన పన్ను, ఇప్పుడది లోపల స్టీలు పళ్లెంలో ఉంది. దాని పక్కది ఎప్పుడో పోయింది. అక్కడ చిగురు మూసుకుపోయి నున్నగా అయింది, నాలుక ఊరికే పోయి పోయి ఆ ఖాళీలో పడుకుంటుంది, ఇంట్లో మనిషి పోయినాక ఆ మంచం మీదకు పోయి పడుకునే కుక్కలాగా.

రక్తం ఆగినాక వచ్చి చూస్తానంది డాక్టరమ్మ. "మత్తు ఉండగానే పాత ఖాళీలో ఇవాళే స్క్రూ బిగించేయొచ్చు అంకుల్, మళ్లీ సూది గుచ్చే పనుండదు. ఇవాళ పీకింది మానాక దానికి ఇంకోటి వేద్దాం. వద్దంటే తీసి పెట్టుకునే కట్టుడు పళ్లు ఉన్నాయి, ఖర్చు తక్కువ. ఆలోచించుకోండి." ఆలోచించుకోవడానికి ఈ కాస్త సేపు, దూది నోట్లో ఉన్నంతసేపు. రెండు పళ్లకు కలిపి ఆమె ఖర్చు చెప్పినప్పుడు వెంకటేశానికి రూపాయలు కనబడలేదు, బర్రె కనబడింది. ఈనిన బర్రె, వెనక దూడ, పొదుగు నిండా పాలు. పోయిన వానాకాలం కొట్టంలో తమ బర్రె ఒక పొద్దున లేవలేదు, అప్పటి నుంచి వడ్ల మీద వచ్చినవీ కూలి మీద వచ్చినవీ బర్రె కోసమని ఒక్కచోట వేస్తూ వచ్చారు, ఆ మూట ఇప్పుడు రాధమ్మ ఒళ్లో సంచిలో ఉంది, పైన ఒక తువ్వాల, ఆ పైన నీళ్ల సీసా. బర్రెను నోట్లో కట్టేసుకుంటారా ఎవరైనా.

"ఇయ్యాల దొరికినవ్ నాకు," అన్నది రాధమ్మ, ఎదుటి గోడ మీద నవ్వుతున్న పళ్ల బొమ్మను చూస్తూ. "లగ్గమైన సంది సూస్తున్న, నేను చెప్తుంటె నువ్వు నోరు మూసుకోని ఇనే గంట ఒక్కటన్న వస్తదా అని. డాక్టరమ్మ సల్లగుండ."

అతను చెయ్యి ఎత్తాడు.

"చెయ్యి ఊపకు. బర్రె మాటనే గదా నువ్వు అనేది. బర్రెలు అంగట్ల మస్తున్నయి, ఇయ్యాల కాకుంటె ఏడాదికి తెస్తం. నీ పండ్లు ఏ అంగట్ల అమ్ముతరు? ఆ తీసి పెట్టేది నువ్వు పెట్టుకోవు, నాకెరుకే. కండ్లద్దాలే పెట్టుకోవు. అవి యాడున్నయో చెప్పు? ఆఁ, చెప్పలేవుగా." సంచి సర్దుకుని, "జెర తల ఎనకకు పెట్టి కూసో, రక్తం బయటికి కారుతున్నది," అని కొంగుతో అతని పెదవి చివర తుడిచింది. తుడిచినట్టు అతనికి తెలియలేదు, చూస్తే తెలిసింది.

తెలియకపోవడమే తెలుస్తోంది ఇవాళంతా. ఇంతకాలం తిండి పెట్టింది ఈ తెలియడమే కదా. సంగారెడ్డి అవతల బాలప్ప సేటు పప్పు మిల్లులో తన పనల్లా గింజ కొరకడం. ట్రాక్టరు వచ్చి ఆగుతుంది, సంచిలో ఇనుప గొట్టం గుచ్చి లోపలి గింజలు అరచేతిలోకి ఒంపుకుంటాడు, పైవి కాదు, పైవి ఎండకు ఎండి అబద్ధం చెప్తాయి, అడుగువి తీసి కుడివైపు వెనక పంటి కింద పెట్టి మెల్లగా నొక్కుతాడు. బాగా ఎండిన కంది టక్ మని రెండు బద్దలవుతుంది. ఇంకో రెండెండలు కావాల్సిన కంది మొదట కొంచెం ఒంగి అప్పుడు విరుగుతుంది, చప్పుడు మెత్తగా, మూసిన తలుపు వెనక ఎవరో చిటిక వేసినట్టు. పచ్చిది విరగనే విరగదు, చదునై పంటికి అంటుకుంటుంది. ఆ చప్పుడు చెవికి బయటి నుంచి రాదు, పన్ను నుంచి దవడ ఎముకలోకి, అక్కడి నుంచి చెవి వెనక్కి, అంతా లోపలి దారే. రైతులు గింజను చూడరు, తన దవడను చూస్తారు, దవడ ఆగిందా, కదిలిందా, కనుబొమ్మ లేచిందా. తేమ చూసే మిషిన్ ఎప్పుడో వచ్చింది మిల్లుకు, చిన్న డబ్బా, మీట నొక్కితే అంకె చూపిస్తుంది, బాలప్ప దాని మీద తువ్వాల కప్పి పెట్టాడు. "మిషిన్‌తోని కొట్లాడొస్తది రైతుకు, ఎంకటేశం పంటితోని కొట్లాడరాదు," అనేవాడు. నిజానికి డబ్బా కూడా తప్పు చెప్పేది కాదు. తనూ చెప్పేవాడు కాదు. ఇద్దరిదీ ఒకటే మాట, తనది మాత్రం మనిషి మాట, అంతే తేడా. అలవాటు ఎంతదాకా పోయిందంటే పెండ్లి పీటల మీద తలంబ్రాల్లోంచి ఒక గింజ నోట్లో వేసుకుని కొరికి, కొత్త బియ్యం అని పక్కనున్న బావమరిదితో అన్నాడు. రాధమ్మ తల వంచుకునే విన్నది. ఇప్పటికీ కోపం వస్తే అదే ఎత్తుతుంది, నన్ను గూడ అట్లనే కొరికి సూసి తెచ్చుకున్నడు అంటుంది.

రాయి. కందుల్లో కందంత రాయి, కంది రంగే, అరచేతిలో కళ్లకు దొరకలేదు. నొక్కినప్పుడు వచ్చిన చప్పుడు ఇప్పటికీ తల లోపల ఎక్కడో ఉంది. అంత ఎండిన కంది ఉండదే అనుకున్నాడు మొదట. తర్వాత నోట్లో ఉన్నది రెండు బద్దల కంది కాదని, రెండు బద్దల పన్ను అని తెలిసింది. ఆ పన్ను పీకేశారు, దాన్ని ఆనుకున్నది తర్వాత తర్వాత నల్లబడింది. ఎడమవైపు ఉంది కదా, అంతా ఒక్క నోరే కదా అనుకున్నాడు. కాదు. ఎడమవైపు పళ్లు తిండికే అలవాటు పడ్డాయి, వాటికి గింజ మాట రాదు. ఎడ్లలో కూడా కుడి కాడికి అలవాటైనదాన్ని ఎడమకు కడితే నాగలి చాలు వంకర పోతుంది. పోయిన మాఘంలో ఎడమ పంటి కింద పెట్టి చూసి ఒక లాటు కందులు ఎండినయని పంపించాడు, గోదాములో అడుగు సంచులు వేడెక్కి బూజు పట్టి గడ్డలు కట్టాయి. బాలప్ప ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఆ మరునాటి పొద్దున వచ్చేసరికి బల్ల మీద డబ్బా ఉంది, పైన తువ్వాల లేదు. "ఊకె పెట్టిన ఎంకటేశం, నీకు తోడుంటదని." అప్పటి నుంచి తను కొరకడం, బాలప్ప కొడుకు మీట నొక్కడం, రైతులు తన దవడను కాదు ఆ డబ్బా కిటికీని చూడడం. జీతం ఇస్తున్నాడు బాలప్ప, ఇయ్యనని అనడు, అట్లా అనే మనిషి కాదు. ఒకరోజు కుర్చీ కొంచెం జరుగుతుంది, ఇంకోరోజు గోడ వైపు జరుగుతుంది, అట్లా ఎప్పటికో గడప బయట ఉంటుంది. పన్ను పెట్టించుకుంటే మళ్లీ కుడివైపు కొరకొచ్చు, తువ్వాల మళ్లీ డబ్బా మీద కప్పించొచ్చు. అందుకే వచ్చాడు ఇక్కడికి. రాధమ్మ వేరే ఏదో అనుకుని తీసుకొచ్చింది, తను ఇందుకే వచ్చాడు.

అందుకే సూది వేయకముందే, నోరు తనది అయి ఉండగానే, అడిగాడు. "అమ్మా, గింజ నూరంగ తెలుస్తదా? పచ్చిదా ఎండుదా అని?" డాక్టరమ్మ పేరు సత్యశ్రీ, ఆమె నాన్న కోస్తా నుంచి వచ్చి పెద్ద ఫ్యాక్టరీలో పనిచేసి ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడట, మాట అటువైపు మాట. ఆమె నవ్వలేదు, అది నచ్చింది అతనికి. చేతి తొడుగు తీసి తన దవడ మీదే వేలు పెట్టి చూపించింది. "మన పన్ను చుట్టూ సన్నటి పొర ఉంటుంది అంకుల్. కింద పడింది మెత్తనా గట్టినా అని లోపలికి చెప్పేది అదే. స్క్రూకి ఆ పొర ఉండదు, నేరుగా ఎముకలో కూర్చుంటుంది. పై దవడలో దానికి ఎదురుగా ఉన్న మీ సొంత పన్నుకి కొంచెం తెలుస్తుంది, కానీ మీ పాత పన్నులా అయితే కాదు. నమలడానికి మాత్రం ఢోకా లేదు. ఎముక స్క్రూని పట్టుకోవడానికి నాలుగు నెలలు పడుతుంది, అప్పటిదాకా ఆ వైపు గట్టివి కొరక్కూడదు. ఆ తర్వాత ఏమైనా తినండి." ఏమైనా తినండి అన్నమాట ఒక్కటే వినబడింది రాధమ్మకు. తనకు మొదటి మాట ఒక్కటే వినబడింది. మూగ పన్ను. ఒక బర్రె ఖరీదు పెట్టి మూగ పన్ను. కూర్చుంటుంది, నూరుతుంది, చెప్పదు. అట్లాంటిది బల్ల మీద ఉండనే ఉంది కదా, అదైనా అంకె చూపిస్తుంది.

కాబట్టి అయిపోయింది లెక్క. దూది తీయగానే వద్దు అంటాడు. సంచిలో బర్రె సంచిలోనే ఉంటుంది. తిండిదేముంది, అన్నం మెత్తగా వండుతోంది రాధమ్మ, పప్పులో పిసికి పెడుతోంది, ఎడమవైపు నాలుగు మెతుకులు నూరి మింగితే పొట్ట నిండుతుంది. మొదట్లో జొన్న రొట్టెను పాలలో నానబెట్టి ఇచ్చింది, తర్వాత బర్రె పోయింది, పాలూ పోయాయి, ఆ తర్వాత ఒకరోజు రాధమ్మే, "నాకు జొన్న పడ్తలేదయ్యా, తిన్ననంటె గుండెల మంట," అన్నది. ఇద్దరికీ పడనప్పుడు ఇంక రొట్టె ఎందుకని, రొట్టెలు కాల్చే పెంకు కడిగి బోర్లించింది. కుంట పక్క చెలకలో జొన్నలు వేసేవాళ్లు, పిట్టలు తినగా మిగిలినవి ఇంటికి సరిపోయేవి, అవీ మానేశారు, పత్తి పెట్టారు. మంచిదే, ఒక పని తగ్గింది అనుకున్నాడు. వయసు పడ్డాక పనులు అట్లాగే ఒక్కొక్కటీ తగ్గాలి. పళ్లూ అంతే. చెట్టు కాయ రాల్చినట్టు, రాల్చినప్పుడు చెట్టుకు నొప్పి ఉంటుందో లేదో, దానికీ ఎవరైనా సూది వేస్తారో. అలసటగా ఉంది. నొప్పి లేని అలసట, పొద్దున్నుంచి ఏమీ మోయకుండానే భుజాలు గుంజుతున్నాయి. కింద ఎవరో హిందీలో బస్సు ఎప్పుడని అడుగుతున్నారు, ఎవరో ఆయేగా ఆయేగా అంటున్నారు.

తలుపు తెరుచుకుని ఒక ముసలమ్మ వచ్చింది, నోటికి కొంగు అడ్డం, చేతిలో ప్లాస్టిక్ డబ్బా. వచ్చి రాధమ్మ పక్క కుర్చీలో కూలబడింది. చిట్కుల్ నుంచట, పేరు ఆగమ్మ, కంపెనీ పిల్లలకు గదులు కిరాయికి ఇస్తుందట, ఇవన్నీ ఎవరూ అడగకుండానే కొంగు వెనక నుంచి చెప్పింది. డబ్బా మూత తీసి చూపించింది కూడా, అందులో గులాబీ రంగు చిగుళ్లతో కట్టుడు పళ్లు, నడుమ విరిగి.

"గిలాసల ఏసి కిటికీల పెట్టిన, మీసేవకు పోదునని జల్దీ జల్దీ తీస్తుంటె కింద పడ్డయి. ఎన్నోసారో ఇది. గదిల ఉండే ఒడిశా పిలగాడు అంటడు, అమ్మమ్మా, నీ నవ్వు కింద పడ్డదని."

రాధమ్మ నవ్వింది. అతనికీ నవ్వు వచ్చింది, సగం ముఖానికే వచ్చింది.

"మీ ఆయిననా? ఏమైంది, పలుకడు?"

"పలుకడు. గా అదృష్టం ఇయ్యాలొక్క రోజే. పన్ను పీకిండ్రు. స్క్రూ పండ్లు ఎయ్యిద్దమని నేను, వద్దని ఆయిన."

"ఎయ్యించుకో బిడ్డా, ఎయ్యించుకో," అంటూ ఆగమ్మ వంగి అతని ముఖంలోకి చూసింది. "వీటితోని తినుడు తిండి కాదు. కిరాయికున్నోడు ఇల్లు ఊడ్చినట్టు ఉంటది." సంచిలో చెయ్యి పెట్టి గుడ్డ మూట తీసింది. "సూడు మా కోడలు తెలివి. పండ్లు బాగ చేయించుకొనికె పోతున్ననంటె తొవ్వల తినుమని జొన్న రొట్టె కట్టిచ్చింది. దేనితోని తినాలె, డబ్బాతోనా? నువ్వన్న తిను."

"వద్దమ్మా, నాకు జొన్న పడది."

"ఏం పడది, గింత ముక్క. ఎల్లిపాయ కారం గూడ ఉన్నది. పారేస్తె పాపం."

రాధమ్మ ఒకసారి అతని వైపు చూసింది. ఆ చూపు తన మీద పడడం అతనికి తెలిసింది, దానికి మాత్రం మత్తు లేదు. ఎందుకు చూసిందో తెలియక, తల వెనక్కి పెట్టి కూర్చోమన్నది కదా అని, తల వెనక్కి ఆనించి కళ్లు మూసుకున్నాడు. చీకట్లో రోడ్డు ఇంకా పెద్దగా వినబడింది, లారీ గేరు మార్చింది, పైన ఫ్యాను ఒక రెక్క దగ్గర టిక్కుమంటోంది. గుడ్డ ముడి విప్పిన గరగర. తర్వాత చప్పుడు.

అంచు. రొట్టె అంచు మాడి గట్టిపడింది, పొద్దున కాల్చింది, గాలికి బిగుసుకుంది, సన్నగా కొట్టిన రొట్టె కాదు, కోడలికి ఓపిక తక్కువ, నడుమ దళసరి. ఇదంతా అతనికి తెలియవలసిన పని లేదు, అయినా తెలిసిపోయింది, ఇంతకాలం ఎముకలో తిరిగిన చప్పుళ్లు కదా. కటుక్కుమని ఒకటి, ఆగింది, ఇంకోటి, ఈసారి ఆగలేదు. నెమ్మదిగా తినే మనిషి రాధమ్మ, పనులన్నీ అయ్యాక గోడకు చేరగిలబడి మెతుకు మెతుకూ తినే మనిషి, ఇప్పుడు ఒకటి మింగకముందే ఇంకోటి విరుస్తోంది, దొంగతనంగా పచ్చి పల్లీలు పీకి తినే పిల్లలా, నోట్లో పెద్ద ముక్క పెట్టుకుని చప్పుడు రాకుండా ఉండాలని చూస్తోంది, వస్తోంది. ముక్కుతో ఊపిరి తీసుకుంటోంది. గుండెల్లో మంట ఉన్న మనిషి ఇట్లా తినదు. ఎల్లిపాయ కారం అద్దుకుంటున్నట్టుంది, వాసన వస్తోంది, ముక్కు తనదే.

ఈ చప్పుడు ఇంట్లో ఎప్పటి నుంచి లేదు? అంతా ఎంత నిశ్శబ్దంగా తింటున్నారు ఇద్దరూ. మెత్తని అన్నం, మెత్తని పప్పు, చప్పుడు చేయని రెండు నోళ్లు, మధ్యలో టీవీ. ఆమెకు పళ్లన్నీ ఉన్నాయి. ఒక్కటీ కదలలేదు, చెరుకు చీల్చే పళ్లు అవి. తను అవతల కూర్చుని మెత్తనిది పిసుక్కుంటుంటే ఎదురుగా రొట్టె విరిచి తినలేక, తినలేనని చెప్పలేక, మంట అని ఒక మాట చెప్పి పెంకు బోర్లించింది. బూజు పట్టిన కందుల్ని ఎడమ పన్ను పట్టుకోలేకపోయింది సరే, ఈ అబద్ధాన్ని ఏ పన్ను పట్టుకోలేకపోయింది? పైగింజలు చూసి వదిలేశాడు. అడుగుదాకా గొట్టం గుచ్చలేదు. పన్ను చెప్పదని, మూగదని, అందుకని వద్దనుకున్నాడు ఇందాక. ఎవరికి చెప్పాలి అది? బాలప్పకా? అక్కడ డబ్బా చెప్తుంది, చెప్పనీ. కుర్చీ గోడ వైపు జరుగుతుందంటే జరగనీ. నమలడానికి ఢోకా లేదన్నది కదా డాక్టరమ్మ. దూది తడిసి బరువెక్కింది, చెంప కింద ఎక్కడో చీమలు పాకినట్టు మొదలైంది, మత్తు అంచుల్లో వదులుతోందేమో.

రొట్టె అయిపోయింది. గుడ్డ మడిచిన చప్పుడు, సీసా మూత తిప్పిన చప్పుడు, నీళ్లు. అతను కళ్లు తెరిచేసరికి రాధమ్మ సంచి ఒళ్లో పెట్టుకుని గోడ మీది పళ్ల బొమ్మ వైపు చూస్తోంది, ఏమీ జరగనట్టు.

"లేసినవా? నిద్రవోయినవ్ అనుకున్న," అన్నది. "నేనేం తినలే. ఇంటికాడ పోయి తింట."

ఆగమ్మ కొంగు వెనక దగ్గింది.

సత్యశ్రీ తలుపు దగ్గరికి వచ్చింది. "రండి అంకుల్, చూద్దాం." లేచేటప్పుడు రాధమ్మ అతని మోచెయ్యి పట్టుకుంది. దూది తీసి చూసి, బాగానే ఆగిందంది డాక్టరమ్మ, కుర్చీ పక్క దీపం జరుపుతూ. "ఏమనుకున్నారు మరి? స్క్రూనా, కట్టుడు పళ్లా?"

పెదవులు బండగా ఉన్నాయి, నాలుక ఒక్కటే దారి వెతుక్కుంది. డాక్టరమ్మను కాదు, భార్యను చూస్తూ అన్నాడు.

"కుంట పక్క చెలకల... పత్తి పీకేసి... జొన్నలు పెడ్దమే."

"ఏమంటున్నడు?" రాధమ్మ డాక్టరమ్మ వైపు తిరిగింది. "మత్తు నెత్తికి గిట్ల ఎక్కిందా అమ్మా? పన్ను సంగతి అడిగితె జొన్నలంటడు."

"నాలుగు నెలలన్నది గదా," అన్నాడు. మాట సగం ఉమ్మితో కలిసి గడ్డం మీదకు జారింది. "జొన్న గూడ గంతే. శివరాత్రికి కోస్తం. గప్పటికి ఇది గట్టిపడ్తది."

"నాకు జొన్న పడదని చెప్పిన గదా నీకు—"

అతను చెయ్యి చాపి ఆమె పెదవి కింద అంటుకున్న మాడు పొట్టు తునకను వేలితో తీశాడు. తీసి, అలవాటు కొద్దీ, వేలి మీద పెట్టి చూశాడు. రాధమ్మ కొంగు నోటి మీదకు వచ్చింది. సంచి పట్టీ గట్టిగా పట్టుకుని, గోడ దాకా వెనక్కి జరిగి నిలబడింది. ఆ సంచిలోంచి బర్రె లేచి దూడను వెనకేసుకుని మెల్లగా నడిచి పోతుండడం వెంకటేశానికి కనబడింది. పిలవలేదు.

"అయితే స్క్రూనే," అంది సత్యశ్రీ తొడుగులు వేసుకుంటూ. "నోరు బాగా తెరవండి అంకుల్."

కుర్చీ వెనక్కి వాలింది. దీపం కళ్లలో పడింది. గోడ దగ్గర నుంచి, కొంగులోంచి, ఎవరితోనూ అననట్టు రాధమ్మ అన్నది.

"ఇత్తునాలు కొనుడు ఉండది. పోయినేడు మా తమ్ముడు ఇచ్చినయి. అటుక మీద కుండల బూడిద కలిపి దాసిపెట్టిన."

వెంకటేశం నోరు తెరిచాడు.